కేబుల్ లేకుండా ఫోన్ నుంచి కంప్యూటర్‌కు, కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఫైళ్లు: సమగ్ర మార్గదర్శి

గండికోటకు ఒక్కరోజు పోయొస్తే చాలు, ఫోన్లో 18 జీబీ ఇట్టే నిండుతుంది. 12 మెగాపిక్సెల్ ఫొటో ఒక్కోటి 3 నుంచి 5 ఎంబీ, ఫోర్‌కే వీడియో నిమిషానికి సుమారు 350 ఎంబీ. వాటిని ల్యాప్‌టాప్‌లోకి దింపుదామని ఇంట్లో దొరికిన కేబుల్ పెడితే ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ ఫోన్ కంప్యూటర్లో కనపడదు. చవక కేబుళ్లు చాలావాటిలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. సరే, వాట్సాప్‌లో పంపుకుందామంటే ఫొటో నాణ్యత సగం అక్కడే పోతుంది. డాక్యుమెంటుగా పంపితే నాణ్యత నిలుస్తుంది కానీ ఒక్కో ఫైలు 2 జీబీ దాటకూడదు. పైగా అదే ఫైలు నెట్‌లో ఒకసారి పైకెక్కి, మళ్లీ కిందికి దిగాలి. ల్యాప్‌టాప్‌కు కూడా ఫోన్ డేటానే ఇస్తుంటే ప్యాక్ రెండింతలు ఖర్చు. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో 18 జీబీ ఎప్పటికి పంపుతారు?

నిజానికి ఈ పనికి ఇంటర్నెట్టే అక్కర్లేదు. వైఫై అంటే ఇంటర్నెట్ అనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తుంది. వైఫై అనేది ఇంట్లోని ఫోన్, ల్యాప్‌టాప్, రౌటర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి. ఇంటర్నెట్ ఆ రౌటర్ నుంచి బయటికి పోయే వేరే దారి. బిల్లు కట్టక నెట్ ఆగిపోయినా రౌటర్‌కు కరెంటు ఉంటే చాలు, ఫైళ్లు ఎంచక్కా పోతాయి. యాప్ ఏదైనా ఫర్వాలేదు. ఫోనూ కంప్యూటరూ ఒకే దారి మీద ఉన్నాయా లేదా అన్నదే ముందు చూడాల్సింది. ఫైలు పోలేదని నాలుగు యాప్‌లు మార్చేవాళ్లలో ఎక్కువమంది చూడనిది అదే.

ముందు దారి వేసుకోవాలి

ఇంట్లో రౌటర్ ఉంటే రెండింటినీ దానికే కలపండి. డెస్క్‌టాప్‌లో వైఫై లేకపోయినా ఇబ్బంది లేదు. లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిసి ఉన్నా అది ఒకే నెట్‌వర్క్ కింద లెక్క. నిజానికి అదే మేలు. ఫోనూ ల్యాప్‌టాపూ రెండూ వైఫై మీదే ఉంటే ప్రతి ఫైలూ గాల్లో రెండుసార్లు ప్రయాణించాలి, ఫోన్ నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు ఇంకోసారి. వేగం దాదాపు సగానికి పడుతుంది.

రౌటర్ లేకపోతే, లేదా కరెంటు పోతే, ఫోన్ హాట్‌స్పాట్ ఉంది. దాని పద్ధతి ఇది:

1. ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ అయితే మొబైల్ డేటా ఆఫ్ చేసేయండి. హాట్‌స్పాట్ పనిచేస్తూనే ఉంటుంది. డేటా ఆన్‌లో ఉంచితే ల్యాప్‌టాప్ చప్పుడు చేయకుండా విండోస్ అప్‌డేట్లు దింపుకుంటుంది.
2. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ (వైఫై తరంగాల రకం, 2.4 లేదా 5 గిగాహెర్ట్జ్) అని ఉంటే 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో హాట్‌స్పాట్ పేరే కనపడకపోతే, పాత ల్యాప్‌టాప్‌కు 5 గిగాహెర్ట్జ్ అందుకునే శక్తి లేదని అర్థం. 2.4కి తిరిగి మార్చండి.
3. ల్యాప్‌టాప్‌ను ఆ హాట్‌స్పాట్‌కు కలపండి. "నో ఇంటర్నెట్" అని చూపిస్తుంది, పట్టించుకోకండి.

ఐఫోన్ హాట్‌స్పాట్ అయితే డేటా ఆన్‌లోనే ఉంచి, విండోస్ వైఫై ప్రాపర్టీస్‌లో "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేయండి, పెద్ద అప్‌డేట్లు ఆగుతాయి. ఐఫోన్ పేరు ల్యాప్‌టాప్‌లో కనపడకపోతే హాట్‌స్పాట్ పేజీలో "మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ" ఆన్ చేస్తే 2.4కి దిగుతుంది.

రాతి గోడల సంగతి

కడప జిల్లా ఇళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. అడుగున్నర మందం రాతి గోడలు, పైన బండల మిద్దె ఉన్న పాత ఇంట్లో వైఫై ఒక గది దాటేసరికి నీరసపడుతుంది. 5 గిగాహెర్ట్జ్ మరీ సున్నితం, ఇటుక గోడే దానికి కష్టం, రాతి గోడ అయితే చెప్పనక్కర్లేదు. నెట్ చూడటానికి రెండు గీతల సిగ్నల్ సరిపోతుంది. 18 జీబీ పంపడానికి సరిపోదు. ఫైళ్లు పంపే ఆ కాసేపైనా ఫోనూ ల్యాప్‌టాపూ రౌటర్ ఉన్న గదిలోనే పెట్టండి. హాట్‌స్పాట్ అయితే రెండూ ఒకే బల్ల మీద ఉండాలి.

ఇంకోటి, ఎండ. మే నెలలో 42 డిగ్రీలు దాటే ఊళ్లో హాట్‌స్పాట్ వేసి అరగంట ఫైళ్లు పంపితే ఫోన్ బాగా వేడెక్కుతుంది. వేడెక్కిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కవర్ తీసి ఫ్యాన్ కింద పెట్టండి, ఆ కాసేపు ఛార్జింగ్ పెట్టకండి.

లోకల్‌సెండ్: రోజూ వాడటానికి ఇదే మంచిది

ఒకప్పుడు అందరి ఫోన్లలో షేర్‌ఇట్, జెండర్ ఉండేవి. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. ఇప్పటికీ ఎవరో పంపిన ఏపీకే ఫైలుతో (ప్లే స్టోర్ బయట యాప్‌ను ఎక్కించే ఫైలు) వాటిని ఎక్కించుకునేవాళ్లు ఉన్నారు. ఆ అవసరమే లేదు. లోకల్‌సెండ్ ఉచితం, ప్రకటనలు లేవు, ఖాతా తెరవనక్కర్లేదు, ఓపెన్ సోర్స్. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నింటికీ ఉంది. ఫైలును తాళం వేసే పంపుతుంది, అంటే దారి మధ్యలో ఇంకెవరూ చదవలేరు.

ఫోన్లో ప్లే స్టోర్ నుంచి, కంప్యూటర్లో లోకల్‌సెండ్ డాట్ ఆర్గ్ నుంచి దింపుకోండి. ఇన్‌స్టాల్ చేయకుండా నడిచే జిప్ రకం కూడా అక్కడే ఉంటుంది.

కంప్యూటర్లో మొదటిసారి తెరవగానే విండోస్ ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను ఆపే కాపలా) పెట్టె ఒకటి వస్తుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తొందరలో "క్యాన్సిల్" నొక్కితే పెట్టె మూసుకుపోవడంతో అయిపోదు, ఆ యాప్‌ను అడ్డుకోమని విండోస్ ఒక నియమం రాసి పెట్టుకుంటుంది. ఆ తర్వాత యాప్‌ను ఎన్నిసార్లు తెరిచినా ఆ పెట్టె మళ్లీ రాదు, ఫోన్‌కు కంప్యూటర్ కనపడదు. "ప్రైవేట్ నెట్‌వర్క్స్" దగ్గర టిక్ ఉంచి "అలౌ" నొక్కాలి. ఇప్పటికే క్యాన్సిల్ నొక్కేసి ఉంటే విండోస్ సెక్యూరిటీ, ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్, "అలౌ యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్" వరుసగా తెరిచి, లోకల్‌సెండ్ పక్కన టిక్ పెట్టండి.

ఫోన్ నుంచి కంప్యూటర్‌కు పంపే తీరు:

1. రెండింటిలోనూ లోకల్‌సెండ్ తెరవండి. ప్రతి పరికరానికీ యాప్ తనే ఒక సరదా పేరు పెడుతుంది, ఒక విశేషణం, ఒక పండు. సెట్టింగ్స్‌లో దాన్ని "ఇంటి ల్యాప్‌టాప్", "అమ్మ ఫోన్" అని మార్చుకుంటే తికమక ఉండదు.
2. ఫోన్లో "సెండ్" నొక్కండి. ఫొటోలు వందల్లో ఉంటే "మీడియా" కాకుండా "ఫోల్డర్" ఎంచుకుని, డీసీఐఎం (ఫోన్ తన ఫొటోలు దాచుకునే ఫోల్డర్) లోపలి కెమెరా ఫోల్డర్ పట్టుకోండి. ఒక్కో ఫొటో మీద వేలు పెట్టే బాధ తప్పుతుంది.
3. కింద కంప్యూటర్ పేరు కనిపిస్తుంది, నొక్కండి. కంప్యూటర్లో "యాక్సెప్ట్" అడుగుతుంది.
4. ఫైళ్లు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడతాయి. పెద్ద మొత్తమైతే ముందే సెట్టింగ్స్‌లో డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చూపించండి. సీ డ్రైవ్ నిండితే మధ్యలో ఆగుతుంది.

కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఇంకా సులువు. ఫైళ్లను మౌస్‌తో లాగి లోకల్‌సెండ్ కిటికీలో వదిలి, ఫోన్ పేరు నొక్కితే చాలు.

మధ్యలో తెగితే ఆ ఫైలు మళ్లీ మొదటి నుంచి పోవాలి. అందుకే 18 జీబీ ఒక్కసారే పంపకుండా మూడు నాలుగు జీబీల చొప్పున పంపడం మంచిది. పని అయ్యేదాకా ఫోన్ తెర ఆరకూడదు, ల్యాప్‌టాప్ మూత వేయకూడదు. చైనా కంపెనీల ఫోన్లలో తెర ఆరగానే వెనక నడిచే యాప్‌లను ఫోనే చంపేస్తుంటుంది. యాప్ ఇన్ఫోలో బ్యాటరీ దగ్గరికి పోయి "అన్‌రిస్ట్రిక్టెడ్" లేదా "నో రిస్ట్రిక్షన్స్" పెడితే ఆ గొడవ తగ్గుతుంది.

క్విక్ షేర్

ఆండ్రాయిడ్‌లో ముందే ఉండే సౌకర్యం ఇది. 2020లో నియర్‌బై షేర్ పేరుతో మొదలైంది, 2024 జనవరిలో శాంసంగ్ వాళ్ల క్విక్ షేర్‌తో కలిసి ఆ పేరే నిలిచింది. 64 బిట్ విండోస్ 10 లేదా 11 ఉన్న కంప్యూటర్‌కు గూగుల్ సైటు నుంచి క్విక్ షేర్ యాప్ దింపుకోవాలి.

ఇది బ్లూటూత్‌తో వెతుకుతుంది, వైఫైతో పంపుతుంది. అందుకే రెండూ, రెండు వైపులా, ఆన్‌లో ఉండాలి. బ్లూటూత్ లేని డెస్క్‌టాప్‌లో దీనితో తంటాలు పడటం వృథా, లోకల్‌సెండ్‌కు పోండి. రెండు పరికరాలూ 16 అడుగుల లోపు ఉండాలి.

కంప్యూటర్లో యాప్ తెరిచి, ఎవరు పంపవచ్చు అన్న చోట "ఎవ్రీవన్" పెట్టండి. ఫోన్ గ్యాలరీలో ఫొటోలు ఎంచుకుని షేర్, క్విక్ షేర్, కంప్యూటర్ పేరు నొక్కండి. రెండు తెరల మీద కనిపించే పిన్ ఒకటేనా చూసుకుని ఒప్పుకోండి. పని అయ్యాక "ఎవ్రీవన్" తీసేయడం మరవకండి, లేదంటే బస్టాండులో పక్కన కూర్చున్నవాళ్లు కూడా మీకు ఫైలు పంపుతామని అడగవచ్చు. ఫోన్లో ఇదే పనికి 10 నిమిషాల అనుమతి ఉంటుంది, అది చాలు.

కంప్యూటర్లో ఏదీ ఎక్కించే వీలు లేకపోతే

ఆఫీసు కంప్యూటర్లో, తెలిసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో యాప్ పెట్టలేరు. అప్పుడు ఫోన్‌నే చిన్న ఎఫ్‌టీపీ సర్వర్‌గా, అంటే కంప్యూటర్ లోపలికి వచ్చి ఫైళ్లు తీసుకునే చోటుగా, మార్చవచ్చు. సీఎక్స్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ లాంటి ఫైల్ మేనేజర్లలో "నెట్‌వర్క్" కింద ఈ సౌకర్యం ఉంటుంది. స్టార్ట్ చేస్తే ఒక చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డ్ చూపిస్తుంది. చిరునామా ఎఫ్‌టీపీ అన్న మూడక్షరాలతో మొదలై, కోలన్, రెండు స్లాష్‌లు, 192.168తో మొదలయ్యే అంకెలు, మళ్లీ కోలన్, చివర పోర్టు నంబరుతో ఉంటుంది. చివరి నంబరు వదిలేసి టైపు చేసి, రావడం లేదనేవాళ్లే ఎక్కువ.

దాన్ని క్రోమ్‌లో పెట్టకండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లోనే ఎఫ్‌టీపీని తీసేశాయి. "దిస్ పీసీ" తెరిచి, ఆ కిటికీ పైనుండే అడ్రస్ పట్టీలో టైపు చేసి ఎంటర్ కొట్టాలి. ఫోన్ లోపలి ఫోల్డర్లు మామూలు ఫోల్డర్లలాగే కనిపిస్తాయి, కాపీ చేసుకోండి. తెలుగు పేర్లున్న ఫైళ్లు ఇక్కడ పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు. ఫైలు పాడవలేదు, పేరు చదవడంలోనే తేడా. పని అవ్వగానే సర్వర్ స్టాప్ చేయాలి, ఎందుకంటే ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా తాళం లేకుండానే పోతుంది. ఊరందరూ వాడే వైఫై మీద దీన్ని వాడకండి. మీ సొంత హాట్‌స్పాట్ మీద అయితే ఫర్వాలేదు.

నెట్ ఉంటే ఇంకో దారి పెయిర్‌డ్రాప్ డాట్ నెట్. రెండు పరికరాల బ్రౌజర్లలోనూ ఆ పేజీ తెరిస్తే, ఒకే నెట్‌వర్క్ మీద ఉన్నవి ఒకదానికొకటి కనిపిస్తాయి. ఒకటి రెండు పీడీఎఫ్‌లకు ఇంతకంటే తేలిక లేదు, పెద్ద వీడియోలకు మాత్రం వద్దు.

బ్లూటూత్ గురించి రెండే మాటలు. వేరే ఏదీ కుదరనప్పుడు చిన్న ఫైలుకు పనికొస్తుంది. కంప్యూటర్లో ముందుగా "రిసీవ్ ఫైల్స్" కిటికీ తెరిచి పెట్టాలి, లేకపోతే ఫోన్ నుంచి పంపినది ప్రతిసారీ విఫలమవుతుంది.

ఐఫోన్ ఉన్నవాళ్లకు

ఎయిర్‌డ్రాప్ విండోస్ కంప్యూటర్‌కు పనిచేయదు, మ్యాక్‌కే. విండోస్ అయితే లోకల్‌సెండ్ పెట్టుకోండి. మొదటిసారి తెరిచినప్పుడు "లోకల్ నెట్‌వర్క్" అనుమతి అడుగుతుంది, వద్దంటే చుట్టుపక్కల ఏ పరికరమూ కనపడదు. తర్వాత ఇవ్వాలంటే సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లోకల్ నెట్‌వర్క్. ఫొటోలు హెచ్‌ఈఐసీ రకంలో వచ్చి కంప్యూటర్లో తెరుచుకోకపోతే కెమెరా సెట్టింగ్స్‌లోని ఫార్మాట్స్‌లో "మోస్ట్ కంపాటిబుల్" పెట్టండి. ఇకపై తీసే ఫొటోలే జేపెగ్‌గా వస్తాయి, పాతవి మారవు.

ఎంతసేపు పడుతుంది?

అదే 18 జీబీ లెక్క వేద్దాం. బ్లూటూత్‌కు సెకనుకు 0.2 ఎంబీ వేసుకుంటే 25 గంటలు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో సెకనుకు 4 ఎంబీ వస్తే గంటంపావు. 5 గిగాహెర్ట్జ్‌లో, ఒకే గదిలో, సెకనుకు 30 ఎంబీ వస్తే 10 నిమిషాలు. రౌటర్ డబ్బా మీద 300 ఎంబీపీఎస్ అని రాసి ఉంటుంది కదా అనుకోవద్దు. అది బిట్లలో లెక్క, ఎనిమిదితో భాగిస్తేనే బైట్లు. అదీ కాగితం మీద వేగం, చేతికొచ్చేది అందులో సగం కంటే తక్కువ. మీకు వచ్చేది సెకనుకు ఒక ఎంబీ కంటే తక్కువైతే అది దూరం, గోడ లేదా వేడి తెచ్చిన సమస్య, యాప్ తప్పు కాదు.

ఒకటి రెండో దాన్ని కనుక్కోకపోతే

మొదట ఫోన్లో వీపీఎన్ (నెట్‌ను వేరే సర్వర్ మీదుగా మళ్లించే యాప్) ఉంటే ఆపండి. సగం కేసులు కాకపోయినా చాలా కేసులు అక్కడే తీరిపోతాయి. తర్వాత అంకెలు చూడండి. ఫోన్లో కలిసిన వైఫై పేరు నొక్కితే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పరికరం చిరునామా) ఉంటుంది. కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఖాళీ లేకుండా ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, "ఐపీవీ4 అడ్రస్" ఎదురుగా ఉన్న అంకెలు చూడండి.

ఫోన్ 192.168.1.7, కంప్యూటర్ 192.168.1.12 అనుకోండి. మొదటి మూడు భాగాలూ ఒకటే, కాబట్టి దారి ఒకటే. కంప్యూటర్ 192.168.0.104 అని చూపిస్తే రెండూ వేరు వేరు రౌటర్ల కింద ఉన్నట్టు. కేబుల్ ఆయన కింద పెట్టిపోయిన బాక్సు ఒకటి, సిగ్నల్ అందలేదని మిద్దె మీద మనం తగిలించిన రౌటర్ ఇంకోటి ఉన్న ఇళ్లలో ఇది మామూలు. రెండింటినీ ఒకే వైఫై పేరుకు కలపండి. శాశ్వతంగా తీరాలంటే పై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ పద్ధతికి (సొంత నెట్‌వర్క్ వేయకుండా కింది రౌటర్ నెట్‌వర్క్‌నే పైకి అందించే తీరు) మార్చించుకోండి. 169.254తో మొదలయ్యే అంకెలు కనిపిస్తే కంప్యూటర్‌కు రౌటర్ చిరునామానే ఇవ్వలేదు, వైఫై తెంపి మళ్లీ కలపండి.

అంకెలు సరిగ్గానే ఉన్నా కనపడటం లేదా? విండోస్ ఆ వైఫైని "పబ్లిక్" అనుకుంటూ ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిచి "ప్రైవేట్ నెట్‌వర్క్" చేయండి. గెస్ట్ వైఫై, హాస్టల్ వైఫై, లాడ్జి వైఫైలలో ఒకరి పరికరం ఇంకొకరికి కనపడకుండా కావాలనే అడ్డు పెడతారు. అక్కడ మీ చేతిలో ఏమీ లేదు, సొంత హాట్‌స్పాట్ వేసుకోవడమే.

హాట్‌స్పాట్ మీద కూడా లోకల్‌సెండ్‌లో పేరు రాకపోతే చిరునామా చేత్తో ఇవ్వవచ్చు. ఐపీకాన్ఫిగ్‌లో "డిఫాల్ట్ గేట్‌వే" ఎదురుగా ఉన్న అంకెలే ఫోన్ చిరునామా. కంప్యూటర్ లోకల్‌సెండ్‌లో సెండ్ పేజీలోని గురి గుర్తు నొక్కి, ఐపీ అడ్రస్ ఎంచుకుని అవి కొట్టండి. వేరే ఫైర్‌వాల్ ఏదైనా అడ్డుపడుతుంటే దానిలో తెరవాల్సిన పోర్టు 53317.

పంపినవి చేరాయా, ఫోన్లో చెరిపేయవచ్చా?

తొందరపడొద్దు. కంప్యూటర్లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య చూడండి, ఫోన్లోని సంఖ్యతో సరిపోవాలి. సైజు మాత్రం తేడాగా కనిపిస్తుంది. ఫోన్లో 18 జీబీ అన్నది విండోస్‌లో 16.8 జీబీ అని కనపడితే ఏదో పోయిందని గాబరా పడకండి. ఫోన్ 1000 చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కపెడతాయి. పెద్ద వీడియోలు రెండు మూడు తెరిచి, చివరి నిమిషానికి జరిపి చూడండి. సగంలో తెగిన వీడియో ఉంటే అక్కడ దొరికిపోతుంది.

కంప్యూటర్ నుంచి పెన్‌డ్రైవ్‌కు ఎక్కించేటప్పుడు 4 జీబీ దాటిన వీడియో పట్టకపోతే, ఖాళీ ఉన్నా సరే, ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 రకం. దానిలోవి వేరేచోట భద్రం చేసుకుని ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేయాలి. పెళ్లి పత్రికల్లాంటివి అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్లయితే ఫోన్లో తెరిచినా ఏమీ కనపడదు, డీటీపీ ఆయన్ను పీడీఎఫ్ చేసి ఇమ్మనండి.

జిరాక్స్ షాపులో

కడప ఏడు రోడ్ల దగ్గర షాపులో ఆధార్ ప్రింటు తీయించుకోవడానికి ఫైలు వాళ్ల కంప్యూటర్‌కు పోవాల్సిందే. పోయాక అక్కడే ఉండిపోతుంది, అది గుర్తుంచుకోండి. నంబరు మొత్తం అక్కర్లేని చోట మాస్క్‌డ్ ఆధార్ పంపండి, దానిలో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ప్రింటు చేతికి రాగానే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోంచి ఫైలు తీయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. మొహమాటపడే విషయం కాదిది. వాళ్ల కంప్యూటర్లో మీ వాట్సాప్ తెరిచి ఉంటే, బయటికి వచ్చే ముందు ఫోన్లోని లింక్డ్ డివైసెస్‌లో ఆ కంప్యూటర్ పేరు నొక్కి లాగౌట్ చేయండి. హాట్‌స్పాట్ ఇచ్చి ఉంటే ఇంటికి పోయాక దాని పాస్‌వర్డ్ మార్చండి, ఆ కంప్యూటర్‌కు పాతది గుర్తుండిపోయి ఉంటుంది.